దాజీ పేట్‌లో గద్ద ఎటు చూస్తోంది

సోలాపూర్ వెళ్ళొచ్చానని చెప్తే అందరూ అడిగే మొదటి ప్రశ్న, ‘చద్దర్లు తెచ్చావా?’ అని. తెచ్చాను, రెండు దుప్పట్లు. రెండో ప్రశ్న, ‘ఏం చూశావు?’ అని. సినిమా చూశాను అంటే నా మొహంకేసి అదోలా చూస్తున్నారు. హైదరాబాద్‌లో మా వీధి చివర ఆడుతున్న సినిమా కోసం ఆరు గంటలు రైల్లో వెళ్ళడమేమిటని వాళ్ళ సందేహం. అది తీర్చడానికే ఇది రాస్తున్నాను.

‘ధ్రువమండలం’ సినిమాలు చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఎక్కడో నక్షత్రాల అవతల ఏడు గ్రహాలు. వాటన్నిటినీ మహాధిపతి అనే ముసలాయన ఏలుతుంటాడు. గనుల్లో పుట్టిపెరిగిన ఇరా అనే అమ్మాయి జనాన్ని కూడగట్టి తిరగబడుతుంది. మూడో భాగం చివర మహాధిపతి చస్తాడు. ఇరా నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి, కిరీటం పెట్టుకుని అదే సింహాసనం మీద కూర్చుంటుంది, అంతటితో సినిమా అయిపోతుంది. ఆమె ద్రోహం చేసిందా, గత్యంతరం లేక కూర్చుందా అని నాలుగేళ్ళుగా అభిమానులు జుట్లు పట్టుకుంటున్నారు.

ఆ జుట్లలో నాదీ ఒకటి. నేను తెనాలిలో పుట్టి, హైదరాబాద్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని. సినిమాల్లో రాజకీయాలు వెతకడం నా జబ్బు. ఈ సినిమాల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాను. అందులో ముప్ఫై పేజీలు జెండాల గురించి. మహాధిపతి జెండా తెల్లగుడ్డ, దాని మీద కుడివైపు చూసే నల్ల గద్ద. తిరుగుబాటువాళ్ళది నల్లగుడ్డ, దాని మీద ఎడమవైపు చూసే తెల్ల గద్ద. ఎడమవైపు చూపు అంటే వామపక్షమనీ, నలుపులోంచి తెలుపు అంటే చీకట్లోంచి వెలుగు అనీ విప్పి చెప్పాను. అదంతా ఒక వీడియోలోనూ మాట్లాడాను. చాలామంది మెచ్చుకున్నారు. నాకూ నేనంటే కాస్త గౌరవం పెరిగింది.

అప్పుడు సోలాపూర్ నుంచి సత్తయ్య అనే ఆయన పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాడు. వెనకాల మరమగ్గాల మోత. "మేడం, మీరు మాట్లాడేది మస్తు మాట్లాడిన్రు. పన్ మీకు బట్ట సంగతి తెల్వదు. అక్కడ రెండు జెండాలు లేవు, ఒక్కటే ఉన్నది. సోలాపూర్ రాండ్రి, చూపిస్త. శుక్రవారం నాలుగో భాగం వస్తున్నది. దానికి ముందుగాల మీరే వచ్చి మాకు ఫైసలా చెప్పాలె." పన్ అంటే మరాఠీలో కానీ, ఫైసలా అంటే తీర్పు. నా పుస్తకం అచ్చుకు వెళ్ళబోతోంది. బట్ట సంగతి నాకు తెలియదంటాడా అని ఒళ్ళు మండింది. బుధవారం పొద్దున్నే రైలెక్కాను.

బుధవారం: నెత్తిన టోపీ

సత్తయ్య స్టేషన్ బయటే నిలబడి ఉన్నాడు. యాభై దాటిన సన్నటి మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు. నన్ను చూడగానే సంచిలోంచి ఒక టవలు, కొబ్బరికాయ, తెల్ల టోపీ తీసి రెండు చేతుల మీద పెట్టి చాపాడు. మన దగ్గర సభకు పిలిచినవాళ్ళకు శాలువా కప్పుతారు కదా, నా మెడకు ఆ అలవాటు బాగానే ఉంది. వెంటనే తల వంచాను. ఆయన కదల్లేదు. ఇక్కడ ఎవరికి వాళ్ళే పెట్టుకోవాలి కాబోలనుకుని టవలు భుజాన వేసుకుని, టోపీ నెత్తిన పెట్టుకున్నాను. సత్తయ్య ఒక్క క్షణం ఆగి, "బరాబర్ సరిపోయింది మేడం" అన్నాడు.

ఆటోలో కూడా తియ్యలేదు. పెట్టిన మర్యాద తీసేస్తే బాగుండదు కదా. దారిలో ఇద్దరు ముసలాళ్ళు నాకు నమస్కారం పెట్టారు, నేనూ పెట్టాను. దాజీ పేట్‌లో సత్తయ్య ఇంటిముందు దిగేసరికి ఆయన భార్య లక్ష్మిబాయి గడపలో బీడీలు చుట్టే చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కత్తెర కింద పడేసింది. "అగో, టోపీ పెట్టుకొని వచ్చిందేంది!" అని నవ్వడం మొదలుపెట్టి, ఎంతసేపటికీ ఆపలేదు.

సంగతేమిటంటే, ఇక్కడ టవలు, టోపీ పెట్టేది మగవాళ్ళకు. "మీ సార్‌కు ఇయ్యుండ్రి అని తెచ్చిన" అన్నాడు సత్తయ్య గొణుగుతూ. మరి అప్పుడే చెప్పొచ్చు కదయ్యా అంటే, "పెద్దమనిషి మీరు, పెట్టుకున్నంక ఎట్ల తియ్యమంట?" అన్నాడు. ఆడవాళ్ళకు చేసే మర్యాద వేరే ఉంది. లక్ష్మిబాయి నన్ను పీట మీద కూర్చోబెట్టి, బొట్టుపెట్టి, చీర కొంగులో జాకెట్టు గుడ్డ, బియ్యం, కొబ్బరికాయ పోసింది. దాన్ని ఓటీ అంటారట. మన ఒడిబియ్యానికి చెల్లెలు లాంటిది.

దాజీ పేట్‌లో ముందు అలవాటు పడాల్సింది చప్పుడుకి. ప్రతి రెండో ఇంటి వెనకాల మరమగ్గాలు ఆడుతుంటాయి. అందువల్ల ఇక్కడ అందరూ ఒక మెట్టు పైనుంచే మాట్లాడతారు, మగ్గాలు ఆగినా గొంతు దిగదు. లక్ష్మిబాయి నన్ను ‘ఇంకొక రొట్టె వేసుకోండి’ అని అడిగితే నేను తప్పేదో చేశాననుకున్నాను. అప్పడంలా విరిగే జొన్నరొట్టె, ఎర్రగా దంచిన పల్లీల కారం, దాని మీద గరిటెడు నూనె. మా గుంటూరు కారం తిన్న నోటికి ఇదెంత అనుకుని ముద్ద పెట్టాను. తర్వాత రెండు చెంబుల నీళ్ళు తాగాను.

వాళ్ళ తాతలు సిరిసిల్ల వైపు నుంచి వచ్చారు. ఈ దంపతులు ఇద్దరూ ఆ ఊరు చూడలేదు. అయినా ‘నేను వచ్చిన, నేను చెప్పిన’ అని అక్కడి మాటే మాట్లాడతారు. కాకపోతే లక్ష్మిబాయి తెలుగులో మొదలుపెట్టిన వాక్యం ఒక్కోసారి మరాఠీలో తేలుతుంది. నేను బుర్ర ఊపేదాన్ని.

తిన్నాక సత్తయ్య పాఠం మొదలుపెట్టాడు. పెట్టెలోంచి ఒక చద్దర్ తీసి నేలమీద పరిచాడు. ఎర్రటి నేల, దాని మీద కుడివైపు చూసే తెల్ల నెమళ్ళు. "ఇది ముందటి పక్క" అన్నాడు. రెండు కొసలు పట్టి తిరగేశాడు. తెల్లటి నేల, ఎడమవైపు చూసే ఎర్ర నెమళ్ళు. "ఇది ఎన్క పక్క. సోలాపూర్ చద్దర్ ఏదైనా గిట్లనే. రెండు రంగుల దారం ఒకదాని కిందికెళ్ళి ఒకటి పోతది. పైన ఎర్రది ఉంటె కింద తెల్లది. పల్టాయిస్తె రంగు మారుతది, పిట్ట మొకం మారుతది. ఇగ మీ గద్దలను చూడుండ్రి."

ఫోన్లో రెండు జెండాల బొమ్మలు పక్కపక్కన పెట్టాడు. చూశాను. తెల్లదాని మీద కుడికి చూసే నల్ల గద్ద. నల్లదాని మీద ఎడమకు చూసే తెల్ల గద్ద. ఇన్నేళ్ళుగా నేను ఆ రెండిటి మధ్య యుద్ధం చూస్తూ వచ్చాను. అది ఒకే గుడ్డ.

"జెండా మారలె మేడం. పల్టాయించిన్రు, అంతే. మహాధిపతి పోయిండు, ఇరా కూసున్నది. చద్దర్ అదే" అన్నాడు సత్తయ్య.

నాకు ముందు అసూయ కలిగింది, తర్వాత భలే సంతోషం కలిగింది. దేశదేశాల పండితులు ఎవరికీ తట్టనిది ఒక నేతపనివాడు మొదటి చూపులోనే పట్టేశాడు. వెంటనే ప్రచురణకర్తకు ఫోన్ చేసి జెండాల అధ్యాయం ఆపమని చెప్పాను. ఆయన ఏమన్నాడో మగ్గాల మోతలో వినపడలేదు, అదీ మంచిదే అయింది.

"ఇంత స్పష్టంగా ఉంటే ఇంక ఫైసలా దేనికి?" అని అడిగాను.

"ఒప్పుకోనోళ్ళు ఉన్నరు. నీలం నగర్‌ల అంబాదాస్ అని ఒకడు. ఇరా మంచిదే అంటడు" అన్నాడు సత్తయ్య. ఆ పేరు వినగానే లక్ష్మిబాయి చేతిలో బీడీ ఆగింది. నేను గమనించాను. సినిమాలో అయితే దానిమీద అయిదు పేజీలు రాసేదాన్ని. ఇంట్లో కాబట్టి వదిలేశాను.

గురువారం: భవాని పేట్‌లో నా తీర్పు

పొద్దున చద్దర్లు కొనడానికి వెళ్ళాను. బేరం ఆడదామని నోరు తెరవగానే దుకాణదారు, "మీరు టీవీల మాట్లాడినట్టు మాట్లాడుతున్రు, ఆంధ్రావాళ్ళా?" అని అడిగి, తన వాళ్ళందరినీ పిలిచి నా చేత ఇంకోసారి మాట్లాడించాడు. అయిదు వందలు చెప్పినదాన్ని నాలుగు వందలకు ఇచ్చాడు. బేరం వల్ల కాదు, వినోదం చూపించినందుకు. బయట బండి మీద పది రూపాయల చాయ్, గుక్కెడే ఉంటుంది గానీ గంటసేపు నిద్ర రానివ్వదు.

సాయంత్రం అయిదింటికి భవాని పేట్‌లో ఒక చిన్న పఠనమందిరంలో సభ. నలభైమంది దాకా వచ్చారు. మగ్గాల మీంచి నేరుగా వచ్చినవాళ్ళ జుట్టులో దూది నూగు ఇంకా ఉంది. హైదరాబాద్‌లో సినిమా మీద మాట్లాడితే ఇంతమంది రారు, వచ్చినా ఇలా వినరు. మూడు భాగాల్లో ప్రతి మాటా వాళ్ళకు కంఠతా వచ్చు. వాళ్ళు చూసింది హిందీలో, వాదించుకునేది తెలుగులో, తిట్టుకునేది మరాఠీలో.

ముందు సత్తయ్య చద్దర్ తిరగేసి చూపించాడు. తర్వాత వెనక బెంచీ మీంచి ఒకాయన లేచాడు. సత్తయ్య వయసే, కాస్త బొద్దుగా, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. అంబాదాస్ ఈయనేనని పక్కనున్నావిడ చెప్పింది. సత్తయ్య గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"బట్ట సంగతి బరాబరే" అన్నాడు అంబాదాస్. "నేను గూడ నేసేటోన్నే. పన్ ఇరా కూసోకుంటె ఆ కుర్సీల ఎవడు కూసుంటుండె? మహాధిపతి కొడుకు. ఆమె కూసునేముందు గదిల ఎంతసేపు ఏడ్సిందో, ఎవరిని అడిగిందో డైరెక్టర్ చూపించలె. మనకు చూపించనిదాన్ని పట్టుకొని ద్రోహం అంటె ఎట్ల?"

మంచి వాదనే. ఇంకోరోజు అయితే ఆగి ఆలోచించేదాన్నేమో. కానీ ఆరోజు నా బుర్రంతా చద్దరే. పైగా మైకు చేతికిస్తే నేను మనిషిని కాను. నిలబడి అరగంట వాయించాను. చివర్న చద్దర్ కొస పైకెత్తి పట్టుకుని, "నిన్నటి జెండానే తిరగేసి కప్పుకుని కొత్త రాజ్యం అంటే నమ్మడానికి జనం వెర్రివాళ్ళు కాదు. ఇరా ద్రోహి. అదే నా తీర్పు!" అన్నాను.

ముందు వరసల్లో చప్పట్లు మోగాయి. వెనక ఎవరూ కొట్టలేదు. అంబాదాస్ లేచి, "మంచిగ చెప్పిన్రు మేడం" అని మెల్లగా అని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఇంకో ఏడెనిమిది మంది వెళ్ళారు. సినిమా మీద ఇంత పట్టింపేమిటా అనుకున్నాను.

ఇంటికి వచ్చాక లక్ష్మిబాయి చాట ముందేసుకుని, నన్ను దగ్గర కూర్చోమంది. "మీరు సిన్మాకు ఫైసలా చెప్పలె మేడం. అంబాదాస్‌కు చెప్పిన్రు" అంది.

అప్పుడు తెలిసింది. వాళ్ళిద్దరూ చిన్నప్పట్నుంచీ స్నేహితులు. ఒకే కార్ఖానాలో పక్కపక్క మగ్గాల మీద పని. నాలుగేళ్ళ కింద కూలి పెంచమని పనివాళ్ళు సంపు కట్టారు, అంటే సమ్మె. ముందు నిలబడి నడిపించింది అంబాదాస్. సంపు ముగిసి అందరూ పనిలోకి వెళ్ళారు. ఆయన్ను మాత్రం ఏ యజమానీ గడప తొక్కనివ్వలేదు. అయిదు నెలలు ఈ ఇంట్లోనే తిన్నాడు. ఉన్నట్టుండి ఒకరోజు రావడం మానేశాడు. వారం తిరక్కుండా తెలిసిందేమిటంటే, నీలం నగర్‌లో నాలుగు మగ్గాలు పెట్టాడు, అవి ఆ పాత యజమానివే. అంబాదాస్ కాస్తా అంబాదాస్ సేట్ అయ్యాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ‘ధ్రువమండలం’ మూడో భాగం వచ్చింది.

"అప్పటిసంది మాటల్లేవు. ఈయన చాయ్ బండికాడ ఇరాను తిడుతడు, ఆయనకు అందుతది. ఆయన ఇరా మంచిది అంటడు, ఈయనకు అందుతది" అంది లక్ష్మిబాయి. ఒక బీడీకి దారం చుడుతూ, "నన్నడిగితె, గద్దెనెక్కింది ఆడిది గాబట్టి గింత లొల్లి. మొగోడైతె పటాకులు కాలుస్తుండిరి" అంది. ఆ మాట నా ముప్ఫై పేజీల్లో ఎక్కడా లేదు.

సత్తయ్యను పట్టుకుని నిలదీశాను. "నన్ను ఇందుకా పిలిచావు?"

"సిన్మా కోసమే పిలిచిన మేడం" అన్నాడు. తల వంచుకుని ఇంకాసేపటికి, "సగం" అన్నాడు.

కోపం ఆయన మీద వచ్చినదానికంటే నా మీద ఎక్కువ వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషిని నలభైమందిలో ద్రోహి అని వచ్చాను, అదీ చద్దర్ ఊపుతూ.

శుక్రవారం పొద్దున: నీలం నగర్

ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి నీలం నగర్ వెళ్ళాను. అంబాదాస్ సేట్ ఇల్లెక్కడని అడిగితే ఒకావిడ, "సేట్ ఏంది, అగో ఆ రేకుల షెడ్డు" అని చూపించింది. లోపల నాలుగు మగ్గాలు, టవళ్ళు నేస్తున్నాయి. ఇద్దరు పనివాళ్ళు చెరో మగ్గం మీద ఉన్నారు. మిగతా రెండూ అంబాదాసే చూసుకుంటున్నాడు, బనీనుతో, చెమటలు కారుతూ. నిన్నటి ఇస్త్రీ చొక్కా మేకుకు వేలాడుతోంది. సేట్లు ఎలా ఉంటారని నేననుకున్నానో ఆ మనిషి ఈయన కాదు.

నన్ను చూసి మగ్గాలు ఆపి, చొక్కా వేసుకుని, స్టూలు తుడిచాడు. అటుకుల ఉప్మా తెప్పించాడు. మా ఇళ్ళల్లో అటుకులు అంటే పాలూ బెల్లమూ. ఇక్కడ పసుపు, ఉల్లిపాయ, పైన సన్నటి కారప్పూస. రెండు చెంచాలు తిని ప్లేటు పక్కన పెట్టాను.

"నాకు ఏమీ తెలియకుండా నిన్న నోరు పారేసుకున్నాను. తప్పయింది" అన్నాను.

"మీ తప్పేమున్నది అక్కా? మీరు సిన్మా సంగతే చెప్పిన్రు" అన్నాడు. రాత్రికి రాత్రి నేను మేడం నుంచి అక్కనయ్యాను.

"మగ్గాలు ఎందుకు తీసుకున్నావో సత్తయ్యకు ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"నాలుగేండ్లయింది. ఇప్పుడు చెప్తె సాకు అంటడు." నేను గుచ్చలేదు. సినిమాకు ఎప్పుడు వెళ్తున్నావని అడిగితే, మూడు గంటల ఆటకన్నాడు. సత్తయ్య ఎప్పుడూ పన్నెండు గంటల ఆటకు వెళ్తాడట, అందుకని ఈయన మూడింటికి. నాలుగేళ్ళుగా ఊళ్ళో ఏ సినిమా వచ్చినా ఇదే పద్ధతి. ఊరును పంచుకోలేక ఆటలను పంచుకున్నారు.

"నా రైలు నాలుగింటికి. నేను పన్నెండింటికే చూడాలి. థియేటర్ ఎక్కడో తెలియదు, మరాఠీ రాదు" అన్నాను. సగం నిజమే. ఆయన మగ్గాలకేసి చూశాడు, నాకేసి చూశాడు. అక్కా అని పిలిచినవాడు నన్ను ఒక్కదాన్నే పంపలేడని నాకు తెలుసు. తెలిసే అడిగాను.

పన్నెండు గంటల ఆట

థియేటర్‌లో మా వరస ఇలా కుదిరింది. గోడవైపు లక్ష్మిబాయి, తర్వాత సత్తయ్య, తర్వాత నేను, నా పక్కన అంబాదాస్. కుదరడమేమిటి, నేనే కుదిర్చాను. సత్తయ్య నన్నొకసారి, నా అవతల ఉన్న మనిషినొకసారి చూసి, తెర వైపు తిరిగిపోయాడు. తెర మీద అప్పటికింకా పొగ తాగరాదనే ప్రకటన నడుస్తోంది. లక్ష్మిబాయి దాన్ని అసలు ఇష్టపడలేదు.

సినిమా మొదలైంది. ఇరా ఏలుబడిలో ఏడు గ్రహాలూ బాగానే ఉన్నాయి, బాగాలేవు కూడా. మహాధిపతి కొడుకు దండెత్తాడు. ఇరా తెర మీదకు వచ్చినప్పుడల్లా నా కుడి పక్కనా ఎడమ పక్కనా ఊపిరి బిగపట్టడం తెలుస్తోంది. నేనైతే కథ సగమే చూశాను. ఈ మనిషిని ఇక్కడికి లాక్కొచ్చి ఇంకా పెద్ద తప్పు చేశానేమోనన్న భయంతో తెర కంటే పక్కవాళ్ళ మొహాలే ఎక్కువ చూశాను.

ఇంటర్వెల్ ముందు కోట తగలబడుతుంది. బురుజు మీంచి ఇరా తెల్ల గద్ద జెండా తెగి, గాల్లో మెల్లగా తిరుగుతూ కిందకు వస్తుంది. కెమెరా దాని వెంటే వస్తుంది. జెండా ఒక్కసారి పూర్తిగా తిరగబడింది, వెనక పక్క తెర నిండా కనిపించింది.

వెనక గద్ద లేదు. వెలిసిపోయినట్టున్న ఉత్త గుడ్డ. అక్కడక్కడా రంగు ఇటు దిగి మచ్చలు కట్టింది.

"ప్రింటు!" అని నా ఎడం చెవిలో ఒక అరుపు, కుడి చెవిలో ఒక అరుపు, ఒక్కసారే. మగ్గాల పక్కన పెరిగిన గొంతులు. ఆ తర్వాత హాలంతా లేచింది. "ప్రింటు రా! ప్రింటు!" ఈలలు, బెంచీల మీద చరుపులు. ఏడు గ్రహాలు ఏలిన చక్రవర్తులకు అచ్చేసిన జెండానే తప్ప నేసింది లేదని తెలిసి సోలాపూర్ అంతా అవమానపడిపోయింది. వచ్చాక హైదరాబాద్‌లో ఇదే సినిమా మళ్ళీ చూశాను. ఆ దృశ్యం దగ్గర ఒక్కరూ కిక్కురుమనలేదు.

ఇంటర్వెల్‌లో నలుగురం బయట మెట్ల మీదకు వచ్చాం. సత్తయ్య ఇంకా ఆ ఊపులోనే ఉన్నాడు. "రంగు ఎన్కకు దిగింది, చూసినవా?" అన్నాడు. నన్నడిగాడేమో అనుకున్నాను.

"చూసిన. ఒక్క ఉతుకుడుకు పోతది" అన్నాడు అంబాదాస్.

అన్నాక ఇద్దరికీ తెలిసింది, మాట్లాడుకున్నామని. ఎవరూ తలెత్తలేదు. లక్ష్మిబాయి నా చేయి పట్టుకుంది.

"జెండా ముచ్చట అయిపోయింది, అది నేసిందే గాదు" అన్నాడు సత్తయ్య చివరికి. గొంతు మెల్లగా రావాలని ప్రయత్నించాడు, రాలేదు. "ఇగ సీదా అడుగుత. వాని మగ్గాలు ఎందుకు తీస్కున్నవ్ రా?"

"ఇంకెవ్వడు పనియ్యలె గనక. ఐదు నెల్లు మీ ఇంట్ల తిన్న. నేను వస్తున్ననని వదిన రెండు రొట్టెలు ఎక్కువ కొడుతుండె, నువ్వు ఒకటి తక్కువ తింటుంటివి. నాకు కనవడదా? పాత సేట్ మూలకు పడేసిన మగ్గాలు కిరాయికిస్త అన్నడు. తీస్కున్న." అంబాదాస్ మెట్టు అంచును చెప్పుతో గీస్తున్నాడు. "నీకు కోపం వస్తదని ఎర్కే. ఇంకెవడో చెప్పకముందు నేనే చెప్పాలని ఆ దినమే నీ దగ్గరికి వచ్చిన. చాయ్ బండికాడ నలుగురి నడుమ నిలవడి చెప్తున్నవ్, ‘ఆమె మొదటిసంది కుర్సీ మీదనే కన్నేసింది’ అని. అందరు నవ్విన్రు. నువ్వు గూడ నవ్వినవ్. నీకు అప్పటికే తెల్సిపోయింది, నన్నే అంటున్నవ్ అనుకొని ఎన్కకు మళ్ళిన."

సత్తయ్య అప్పుడు తలెత్తి ఆయనకేసి చూశాడు.

"నాకు మగ్గాల సంగతి వారానికి తెల్సింది రా" అన్నాడు. "ఆ దినం ఏం తెల్వదు. ముందటి దినమే సిన్మా చూసొచ్చిన. సిన్మా ముచ్చటే చెప్తున్న."

నేను ప్రతి దృశ్యంలోనూ వేరే ఏదో దాగి ఉంటుందని చెప్పి చప్పట్లు కొట్టించుకున్న మనిషిని. ఆరోజు చాయ్ బండి దగ్గర ఉన్నది సినిమా ఒక్కటే. నాకు చాలా సిగ్గేసింది.

"మరి నవ్వినవ్ గదా?" అన్నాడు అంబాదాస్. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు. "ఎందుకు నవ్వినవ్?"

"ఆ పిల్ల కిరీటం వంకర పెట్టుకున్నది గదరా," అన్నాడు సత్తయ్య, "గందుకు నవ్విన."

లోపల గంట కొట్టారు. జనం సీసాలు, పొట్లాలు పట్టుకుని తోసుకుంటూ వెళ్ళిపోయారు. ఇరా ఏమైందో తేల్చే రెండో సగం మొదలైనట్టు తలుపుల వెనక నుంచి మోత వినిపిస్తోంది. అంబాదాస్ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

"నాలుగేండ్లు రా" అన్నాడు.

సత్తయ్య ఆయన పక్కన, భుజానికి భుజం ఆనేంత దగ్గరగా వెళ్ళి కూర్చున్నాడు.